చలి వేసే ఒళ్ళు

ఆడవాళ్ళకి స్ప్రింగ్‌సూట్లు అమ్మే పద్ధతితో నాకు తగాదా ఉంది. దాన్ని ఒక సాహిత్య పత్రిక దాకా తీసుకురావడానికి కారణం కూడా ఉంది: ఇది చివరికి వర్ణనకి సంబంధించిన తగాదా. ఒక ఒంటిని ఎవరు వర్ణిస్తున్నారు, ఎక్కడ నిలబడి వర్ణిస్తున్నారు, ఎవరి అవసరం కోసం అన్నది. కవిత్వం దగ్గర ఈ ప్రశ్న వేయడం మనకి బాగానే అలవాటైంది. బట్టల కేటలాగు దగ్గరకొచ్చేసరికి మాత్రం కార్డు గీకేసి ఊరుకుంటాం.

ముందు వస్తువేమిటో చెప్పాలి. సర్ఫింగ్ చేసేవాళ్ళు చల్లటి నీళ్ళలో వేసుకునే రబ్బరు బట్ట వెట్‌సూట్. మెడ నించి మణికట్టు దాకా, చీలమండ దాకా కప్పేది ఫుల్ సూట్. స్ప్రింగ్‌సూట్ దానికన్నా పొట్టిది: మామూలుగా 2 మిల్లీమీటర్ల మందం, పొట్టి చేతులో, పొట్టి కాళ్ళో, లేదా రెండూనో. చలికాలానికీ నడివేసవికీ మధ్య, నీళ్ళు మరీ గడ్డకట్టించేలానూ కాక, హాయిగానూ కాక ఉండే నెలల కోసం. విశాఖలో రుషికొండ దగ్గర అలలెక్కేవాళ్ళకి దీనితో పనిలేదు. బంగాళాఖాతం అక్కడ వెచ్చగానే ఉంటుంది, ఎండకి ఒక పల్చటి లైక్రా చొక్కా చాలు. కానీ శాన్ డియేగోలోనో, ఆరెంజ్ కౌంటీలోనో కోడు రాసుకుంటూ శనివారం పొద్దున్నే బోర్డు పట్టుకుని బయల్దేరే తెలుగమ్మాయిలు కొందరున్నారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. మాకు మే నెల రాగానే ఈ బట్ట కావాలి. కొనడానికి వెళ్తే ఎదురయ్యేదాని గురించే ఈ వ్యాసం.

వాదనకి ముందు కాస్త ఫిజిక్స్ తప్పదు. నీటి ఉష్ణవాహకత గాలి కన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువ. 18 డిగ్రీల గదిలో పల్చటి స్వెటర్ వేసుకుని పొద్దంతా పని చేసుకోగలిగే మనిషి, 18 డిగ్రీల నీళ్ళలో గంట తిరక్కుండానే వణకడం మొదలుపెడుతుంది. 1950ల మొదట్లో బర్క్‌లీలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ సమస్య మీద కూర్చున్నాడు. అంతకుముందు అమెరికా అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసిన మనిషాయన. ఆయనకి తట్టిన సంగతి చాలా సింపుల్: వెచ్చగా ఉండడానికి పొడిగా ఉండక్కర్లేదు. సూటు లోపలికి కాసిని నీళ్ళు వచ్చినా ఫరవాలేదు, అవి మాటిమాటికీ పోయి కొత్తవి రాకుండా ఉంటే చాలు. మనల్ని వెచ్చగా ఉంచేది ఆ నీటి పొరేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని చేసేది నియోప్రీన్ రబ్బరు లోపల చిక్కుకుని ఉన్న సన్నటి వాయు బుడగలు. 1952లో శాన్ ఫ్రాన్సిస్కోలో సర్ఫ్ షాపు తెరిచిన జాక్ ఓనీల్ లాంటివాళ్ళు ఆ రబ్బరుని సర్ఫర్ల ఒంటి మీదికి తెచ్చారు.

ఈ ఒక్క సూత్రం నించి నాలుగు విషయాలు వాటంతటవే తేలతాయి. రబ్బరు లేనిచోట రక్షణ లేదు. రబ్బరు ఎంత మందమో రక్షణ అంత. సూటు వదులుగా ఉంటే లోపలి నీళ్ళు ప్రతి అలకీ మారిపోతాయి, అప్పుడు ఎంత మందం ఉన్నా దండగ. కుట్లలోంచి నీళ్ళు కారినా అంతే. కోత, మందం, బిగువు, కుట్టు. వెట్‌సూట్ గురించి మాట్లాడ్డమంటే ఈ నాలుగింటి గురించి మాట్లాడ్డం. మిగతాదంతా రంగు.

ఇప్పుడు సర్ఫింగ్ చేసే మనిషి నీళ్ళలో ఎలా ఉంటుందో చూడండి. వీడియోల్లో కనపడేది అల మీద నిలబడ్డ క్షణం. నీళ్ళలో ఉండే గంటన్నరలో అది అన్నిటికన్నా చిన్న భాగం. మిగతా సమయమంతా రెండే భంగిమలు. బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళడం ఒకటి. అల కోసం ఎదురుచూస్తూ బోర్డుకి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవడం రెండోది. కూర్చున్నప్పుడు భుజాలు, చేతులు గాలిలో ఉంటాయి. తుంటి, తొడలు, కాళ్ళు నీళ్ళలో ఉంటాయి. పడుకున్నప్పుడు బోర్డుకి పూసిన మైనం తొడల లోపలివైపు రాసుకుని ఎర్రగా కందిపోతుంది.

ఈ బొమ్మ మనసులో పెట్టుకుని ఆడవాళ్ళ స్ప్రింగ్‌సూట్ల పేజీ తెరవండి. నేను చూసిన చాలా కేటలాగుల్లో ముందు వరసలో కనపడేది ఒకటే తీరు: పొడుగు చేతులు, ముందువైపు జిప్పు, కింద బికినీ కోత. ఇంకాస్త పైకి కోస్తే దాన్ని చీకీ కట్ అంటారు. అంటే గాలిలో ఉండే చేతులకి మణికట్ల దాకా రబ్బరు, నీళ్ళలో నానుతూ ఉండే తుంటికీ తొడలకీ ఏమీ లేదు. గజ్జల దగ్గర పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా పోతాయి. ఒంట్లో వేడి బయటికి పోయే చోట్లలో అదొకటి. సరిగ్గా అక్కడే కత్తెర పెట్టారు. మైనం రాసుకునే చోటు కూడా అదే.

ఇక మగవాళ్ళ పేజీకి వెళ్ళండి. స్ప్రింగ్‌సూట్ అంటే అక్కడ తొడ సగం దాకా వచ్చేదే. చేతులు పొట్టివా పొడుగువా అన్నదే తేడా. అదే సముద్రం, అదే నెల, అదే అల. మగవాడి తొడకి చలి వేస్తుందని తెలిసిన కంపెనీకి ఆడదాని తొడకి వేస్తుందని తెలియదా? తెలుసు. వాళ్ళ దగ్గర అందరికన్నా మంచి ఇంజినీర్లున్నారు. ఆడవాళ్ళకీ తొడ దాకా వచ్చే మోడల్ ఒకటో రెండో చేస్తారు కూడా. కానీ వాటిని వెతుక్కోవాలి. అడక్కుండా ముందుకొచ్చేది రెండోది. సాఫ్ట్‌వేర్‌లో మేం డిఫాల్ట్ అంటాం. మార్చుకోవడానికి అవకాశం ఇచ్చాం కదా అని డిఫాల్ట్ పెట్టినవాడు తప్పించుకోలేడు, ఎందుకంటే ఎక్కువమంది దాన్ని మార్చరని వాడికి తెలుసు.

ఇక్కడే నాకు మన కావ్యాలు గుర్తొస్తాయి. మహాకావ్యంలో ఉండాలని ఆలంకారికులు చెప్పిన పద్దెనిమిది వర్ణనల్లో సముద్రం ఒకటి, జలక్రీడ ఇంకొకటి. రెండూ వేర్వేరు వర్ణనలు, గమనించండి. సముద్రం దగ్గర గాంభీర్యం, లోతు, ఘోష. జలక్రీడ దగ్గర తడిసిన ఆడవాళ్ళు. నేను చదివినంతలో జలక్రీడలో ఏ నాయికకీ చలి వేయదు. ఏ నాయికా పెదాలు నీలంగా మారి, చాలమ్మా ఇంక గట్టెక్కుదాం అనదు. రోమాంచం వస్తుంది గానీ అది ప్రియుణ్ణి చూసి వస్తుంది, నీళ్ళు చల్లగా ఉండి కాదు. ఎందుకంటే కవి నీళ్ళలో లేడు. గట్టు మీద ఉన్నాడు. గట్టు మీంచి చూసేవాడికి నీటి ఉష్ణోగ్రత తెలియదు, తెలియనక్కర్లేదు కూడా.

కేటలాగు రాసేవాడిది కూడా సరిగ్గా ఆ గట్టే. మగవాళ్ళ సూటు కింద రాసినది చదవండి: కుట్టు ఏ రకం, లోపలి లైనింగ్ ఏమిటి, భుజం దగ్గర రబ్బరు ఎంత సాగుతుంది. మొత్తం క్రియలే: ఆపుతుంది, సాగుతుంది, ఆరుతుంది. ఆడవాళ్ళ సూటు కింద విశేషణాలు మొదలవుతాయి. నప్పేది, ఒంటి వంపులకి అందమిచ్చేది, బీచ్ నించి కాఫీ షాపుకి అలాగే వెళ్ళిపోవచ్చనేది. కుట్టు సంగతి ఎక్కడో అడుగున ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. బొమ్మలూ అంతే. మగ మోడల్ అల మీద ఉంటాడు. ఆడ మోడల్ ఇసకలో నిలబడి, వీపు మనవైపు పెట్టి, భుజం మీంచి వెనక్కి చూస్తుంటుంది. ఆ భంగిమలో ఆ సూటు ఎంత సేపు వెచ్చగా ఉంచుతుందో ఎవరైనా ఎలా చెప్పగలరు?

ఇది నా ఊహ కాదని చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2013లో ఫ్రాన్స్‌లోని బియారిట్జ్‌లో జరగబోయే ఆడవాళ్ళ సర్ఫింగ్ పోటీ కోసం రాక్సీ కంపెనీ ఒక చిన్న ప్రచార చిత్రం వదిలింది. అందులో ఉన్నది స్టెఫనీ గిల్మోర్, అప్పటికే ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్. నిద్ర లేస్తుంది, స్నానం చేస్తుంది, కారెక్కుతుంది, బోర్డు పట్టుకుని నీళ్ళలోకి వెళ్తుంది. ముఖం కనపడదు. అల ఎక్కదు. ప్రపంచంలో అందరికన్నా బాగా అలలెక్కే మనిషిని పెట్టుకుని, అలెక్కడం ఒక్కటీ తీసేసి సినిమా తీశారు. ఆడ సర్ఫర్లే గట్టిగా నిలదీశారు. తర్వాత చాలా మారింది. 2019 నించి ప్రపంచ సర్ఫ్ లీగ్ పోటీల్లో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ప్రైజ్ మనీ సమానం. కానీ గెలిచినదానికి సమానంగా డబ్బిచ్చే లోకం, గెలవని మనలాంటివాళ్ళకి సమానంగా రబ్బరివ్వడానికి ఇంకా ఆలోచిస్తోంది.

దీనికి వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు: ఆడవాళ్ళు అవే కొంటున్నారు, వాళ్ళ ఇష్టం, నీకేమిటి? బికినీ కోత వేసుకున్న మనిషితో నాకు పేచీ లేదు. ఆగస్టు మధ్యాహ్నం, నీళ్ళు 21 డిగ్రీలు దాటి, ఎండ కాస్తూ, గాలి లేకుండా ఉంటే అది హాయైన బట్ట. పైన పల్చటి రబ్బరు, కింద కాళ్ళకి పూర్తి స్వేచ్ఛ. నేనూ వేసుకుంటాను. నా పేచీ ఏమిటంటే దాన్ని స్ప్రింగ్‌సూట్ అని పిలిచి, మే నెల బట్టగా అమ్మడం. ఇష్టం అనే మాట వాడాలంటే రెండు వస్తువులూ పక్కపక్కన ఉండాలి, రెండిటి మీదా ఏది ఎన్ని డిగ్రీలకో రాసి ఉండాలి. ఒక దుకాణంలో ఒకసారి అడిగాను, ఇది ఎన్ని డిగ్రీల నీళ్ళకి పనికొస్తుందని. అమ్మే అబ్బాయి పాపం మర్యాదగా నవ్వి, ఈ ఏడాది ఇదే బాగా పోతోందండీ అన్నాడు. నేనడిగింది అది కాదు.

సైజుల దగ్గర ఇదే కథ. మగవాళ్ళకి మీడియం, మీడియం టాల్, లార్జ్, లార్జ్ షార్ట్ అని ఎత్తునీ వెడల్పునీ విడివిడిగా లెక్కపెట్టే పద్ధతి ఎప్పణ్ణించో ఉంది. ఆడవాళ్ళకి మాత్రం చాలాచోట్ల 4, 6, 8, 10 అని ఒకే వరస అంకెలు. వెడల్పు పెరిగితే ఎత్తూ పెరుగుతుందన్న నమ్మకం. ఐదడుగుల ఒక అంగుళం ఎత్తుండి, నడుము కాస్త వెడల్పున్న మనిషికి (మన వైపు ఇలాంటివాళ్ళం బోలెడుమంది) ఆ వరసలో చోటు లేదు. ఒక సైజు ఛాతీ దగ్గర ఊపిరాడనివ్వదు, పై సైజు వెన్ను కింద సంచిలా వేలాడి నీళ్ళు నింపుకుంటుంది. ఒకే ముక్కగా ఉండే బట్టకి మెడ నించి గజ్జల దాకా ఉన్న పొడుగే ప్రాణం. ఆ ఒక్క కొలతా సైజుల పట్టికలో దొరకదు.

రెండో జవాబు ఇంటి నించి వస్తుంది, అది జవాబులా కూడా ఉండదు, మెచ్చుకోలులా ఉంటుంది. చూశావా, చివరికి నువ్వే ఒప్పుకున్నావు, ఒళ్ళు కప్పుకోవడమే మంచిదని! అని. నేనొప్పుకున్నది అది కానే కాదు. వెట్‌సూట్ ఒంటిని కప్పుతుందే గానీ దాచదు. మా అమ్మ వీడియో కాల్లో చూసి, "అదేం బట్టే, ఒంటికి అలా అతుక్కుపోయింది?" అంది. "అతుక్కోకపోతే పనిచెయ్యదమ్మా, లోపల నీళ్ళు మారిపోతాయి" అన్నాను. కాసేపాగి, "మరి మెడ దగ్గర గాలి పోదూ?" అంది. మా అమ్మ ఆ రోజు అడిగిన రెండు ప్రశ్నల్లో మొదటిది గట్టు మీది ప్రశ్న, రెండోది నీళ్ళలోది. రెండో ప్రశ్న ఏ కేటలాగులోనూ నాకు కనపడలేదు.

కప్పుకో అనేవాళ్ళూ, విప్పు అనేవాళ్ళూ శత్రువుల్లా పోట్లాడుకుంటారు గానీ ఇద్దరూ నిలబడ్డది ఒకే గట్టు. ఇద్దరికీ ఆ ఒళ్ళు కనపడే వస్తువు. ఎంత కనపడాలన్న దగ్గరే బేరం. బ్యాడ్మింటన్ హైదరాబాద్ వాళ్ళకి ఇంటి ఆట కాబట్టి ఇది గుర్తుండే ఉంటుంది: 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద టోర్నీల్లో ఆడవాళ్ళు స్కర్టులే వేసుకోవాలని నిబంధన తేబోయింది. ఆట ఆకర్షణీయంగా కనపడాలట. గొడవయ్యాక 2012లో వదిలేసుకుంది. 2021లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ అమ్మాయిలు బికినీ అడుగు బదులు షార్ట్స్ వేసుకున్నందుకు జట్టుకి 1500 యూరోలు జరిమానా పడింది. ఆ ఏడాదే అంతర్జాతీయ సమాఖ్య నిబంధన మార్చుకోవాల్సొచ్చింది. అక్కడ ఒకళ్ళు పొడుగు చెయ్యమంటారు, ఇక్కడ ఒకళ్ళు పొట్టి చెయ్యమంటారు. ఆ బట్టలో ఒంగితే, దూకితే, చెమటపడితే ఎలా ఉంటుందని అడిగినవాళ్ళు ఎవరూ లేరు, ఆడేవాళ్ళు తప్ప.

మన స్త్రీవాద కవిత్వం చేసిన పెద్ద పని నా దృష్టిలో ఇదే: ఒంటిని చూసే వస్తువు నించి అనుభవించే మనిషిగా మార్చింది. నొప్పిని, నెత్తురుని, అలసటని ఒంటి లోపల నించి రాసింది. ఆ కవిత్వం చదివి పెరిగినవాళ్ళం, అందులో పంక్తులు వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకునేవాళ్ళం, ఒక బట్ట కొనేటప్పుడు మాత్రం మళ్ళీ గట్టెక్కి మనల్ని మనమే చూసుకుంటాం. ట్రయల్ రూమ్ అద్దంలో వెనక్కి తిరిగి ఎలా కనపడుతున్నానని చూసుకోవడానికి పట్టే సమయంలో సగం చాలు, చేతులు పైకెత్తి భుజం దగ్గర లాగుతోందో లేదో చూసుకోవడానికి.

కాబట్టి ఎంచుకోవడం ఎలాగో చెప్తాను. తిట్టి ఊరుకుంటే తగాదా సగంలో వదిలేసినట్టే.

మొదట నెల కాదు, డిగ్రీలు చూడాలి. స్ప్రింగ్ అన్న పేరే మోసం. దక్షిణ కాలిఫోర్నియాలో నీళ్ళు ఫిబ్రవరిలో 14 డిగ్రీల దగ్గర ఉండి, మే నెలకి 17 దగ్గరకి, ఆగస్టుకి 20, 21కి చేరతాయి. మే, జూన్ నెలల్లో పొద్దున్నంతా సముద్రం మీంచి వచ్చే మబ్బు కప్పేసి ఎండ రానివ్వదు. మే గ్రే, జూన్ గ్లూమ్ అని అక్కడివాళ్ళు పేర్లు కూడా పెట్టుకున్నారు. ఉత్తర కాలిఫోర్నియాలో సంగతి పూర్తిగా తలకిందులు. వసంతంలో వాయవ్యం నించి వీచే గాలులు పైనున్న నీళ్ళని తీరం నించి దూరంగా తోసేస్తాయి, అడుగు నించి చల్లటి నీళ్ళు పైకొస్తాయి. అందుకే శాన్ ఫ్రాన్సిస్కోలో ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు 11, 12 డిగ్రీలే. వెచ్చగా ఉండేది సెప్టెంబర్, అక్టోబర్లలో, అదీ 15 దగ్గర. బే ఏరియాలో వసంతంలో స్ప్రింగ్‌సూట్ వేసుకోవడమంటే పేరు నమ్మి మోసపోవడమే. అక్కడ ఏడాది పొడుగునా మందపాటి ఫుల్ సూటే. లా హోయాలో స్క్రిప్స్ సంస్థ వంతెన దగ్గర 1916 నించి రోజూ నీటి ఉష్ణోగ్రత కొలుస్తున్నారు. ఆ అంకెలు ఎవరైనా చూసుకోవచ్చు. కేటలాగు చెప్పకపోతే సముద్రాన్నే అడగొచ్చు.

ఈ అంకెలకి నేను పెట్టుకున్న లెక్క ఇది. 21 దాటితే ఏదైనా ఫరవాలేదు. 18 నించి 20 దాకా అసలైన స్ప్రింగ్‌సూట్ కాలం: 2 మిల్లీమీటర్లు, తొడ సగం దాకా కాళ్ళు, పొద్దున్నే గాలిలో వెళ్తే పొడుగు చేతులు. 16, 17 డిగ్రీలైతే, త్వరగా చలిపట్టే ఒళ్ళయితే, స్ప్రింగ్‌సూట్ మానేసి 3/2 ఫుల్ సూట్ తీసుకోవాలి. ఆ అంకెల్లో మొదటిది నడుము, ఛాతీ దగ్గరి మందం, రెండోది చేతులు, కాళ్ళ దగ్గరిది. పొడుగు కాళ్ళుండి చేతుల్లేని లాంగ్ జాన్ అనే రకం కూడా ఉంది. నీళ్ళలో ఉండే సగాన్ని కప్పి, తెడ్డులా తిరిగే భుజాలని వదిలేస్తుంది. భంగిమల లెక్కలో బికినీ కోతకి సరిగ్గా వ్యతిరేకం, అందుకే నాకు గౌరవం. గాలి ఎక్కువైతే దాని మీద ఒక రబ్బరు జాకెట్టు వేసుకోవచ్చు. పై ముక్క, కింది ముక్క విడిగా కొనుక్కుంటే పొడుగు నడుము, పొట్టి నడుము సమస్య కూడా తీరుతుంది.

రెండోది కుట్టు. బట్టని తిరగేసి లోపలివైపు చూడాలి. సూది రబ్బరు ఇవతలి నించి అవతలికి దూరితే అది ఫ్లాట్‌లాక్. ప్రతి సూది రంధ్రం ఒక చిల్లే, వెచ్చటి నీళ్ళకి సరిపోతుంది. అంచులు ముందు జిగురుతో అతికించి, సూది సగం లోతు దాకానే పోయేలా కుడితే అది బ్లైండ్‌స్టిచ్. నీళ్ళు కారవు. ధర ఎక్కువ, కానీ డబ్బు పెట్టాల్సింది అక్కడే, ప్రింటు మీద కాదు.

మూడోది జిప్పు. ముందువైపు నిలువు జిప్పు వేసుకోవడం, విప్పుకోవడం తేలికే. కానీ బోర్డు మీద బోర్లా పడుకునే ఆటకి రొమ్ముల మధ్య నించి బొడ్డు దాకా ఒక గట్టి పళ్ళవరస పెట్టినవాళ్ళు ఆ బోర్డు మీద ఒక గంట పడుకుని చూడాలి. వెనక జిప్పుకి పొడుగు తాడుంటే ఒక్కళ్ళమే లాక్కోవచ్చు. ఛాతీ మీద అడ్డంగా ఉండే చిన్న జిప్పుది తొడుక్కోవడం కష్టం గానీ నీళ్ళు బాగా ఆపుతుంది.

నాలుగోది బిగువు. చేతులు పైకెత్తాలి, గొంతుక్కూర్చోవాలి, బోర్లా పడుకున్నట్టు వెన్ను పైకి వంచాలి. వెన్ను కింద, చంకల్లో, మెడ వెనక ఖాళీ ఉండకూడదు. పొడిగా ఉన్నప్పుడు కాస్త ఇబ్బందిగా బిగుతుగా ఉన్నదే తడిశాక సరిపోతుంది. ఊపిరి పూర్తిగా పీల్చలేకపోతే మాత్రం అది చిన్నది. మగవాళ్ళ విభాగంలోది సరిపోతే మొహమాటం లేకుండా అదే తీసుకోవాలి. సముద్రానికి విభాగాలు లేవు.

కేటలాగు కనపడనివ్వని ఒళ్ళు ఇంకోటి ఉంది. నియోప్రీన్ 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టింది. దానికి ముడిసరుకు క్లోరోప్రీన్. అమెరికాలో దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ లూసియానాలో మిసిసిపీ నది పక్కన, ఎక్కువగా నల్లవాళ్ళు ఉండే ఊళ్ళ మధ్య నడిచింది. క్లోరోప్రీన్ మనుషుల్లో కేన్సర్ కలిగించే అవకాశముందని అక్కడి పర్యావరణ సంస్థే 2010లో తేల్చింది. డ్యూపాంట్ నించి 2015లో దాన్ని కొనుక్కున్న డెంకా కంపెనీ 2025లో ఉత్పత్తి నిలిపేసింది. సున్నపురాయితో చేసిన నియోప్రీన్ అని పచ్చటి ఆకు బొమ్మ వేసి అమ్మేది కూడా చివరికి క్లోరోప్రీన్ మీంచి వచ్చినదే. చెట్టుపాల రబ్బరుతో చేసిన సూట్లు ఉన్నాయి. పెటగోనియా 2016 నించి అమ్ముతోంది, ఇంకొన్ని కంపెనీలూ ఆ దారి పట్టాయి. ధర, మన్నిక చూసుకుని ఎవరి వీలు వాళ్ళది. కానీ వేసుకునే మనిషి ఒంటికి చలి వేస్తుందని మర్చిపోయిన కేటలాగు, తయారీ దగ్గర గాలి పీల్చే మనిషి ఒంటిని గుర్తుపెట్టుకుంటుందని ఎలా ఆశిస్తాం? మరుపు ఒకటే.

కంపెనీలని నేనడిగేది విప్లవమేమీ కాదు. ప్రతి స్ప్రింగ్‌సూట్ మీదా అది పనికొచ్చే ఉష్ణోగ్రత డిగ్రీల్లో రాయండి, ఆడవాళ్ళదైనా మగవాళ్ళదైనా. మెడ నించి గజ్జల దాకా పొడుగు సైజుల పట్టికలో పెట్టండి. కుట్టు ఏ రకమో మొదటి వాక్యంలో చెప్పండి. బికినీ కోతని వేసవి సూటు అని పిలవండి, ఆ పేరుతో హాయిగా అమ్ముకోండి. ఒక్క ఫోటో అయినా నీళ్ళలో, అల కోసం కూర్చున్న మనిషిది వెయ్యండి.

మనం చెయ్యాల్సింది ఇంకా చిన్నది. కొనే ముందు ఆ ఒక్క ప్రశ్న గట్టిగా అడగడం: ఇది ఎన్ని డిగ్రీల నీళ్ళకి? జవాబు రాకపోతే బట్ట మళ్ళీ కొక్కేనికి తగిలించి రావడం. దుకాణంలో ఇద్దరు అలా తగిలించి వెళ్తే అమ్మే అబ్బాయి పట్టించుకోడు. ఇరవైమంది అడిగితే వాడే వెళ్ళి పైవాళ్ళని అడుగుతాడు.